మెనూలో గారమాండ్, కాగితం మీద జానోన్

పేజీలు కట్టే పనిలో నాకు ఎదురైన ఒక చిక్కుతో మొదలుపెడతాను. ఒక ఇంగ్లీషు కవితల పుస్తకాన్ని గారమాండ్ అక్షరాలలో, 12 పాయింట్ల సైజులో కట్టి పంపాను. అవతలివాళ్లు ఫైలు తెరిచేసరికి పాదాలు చెదిరిపోయాయి. ఒక్క వరుసలో సరిపోవాల్సిన పాదం విరిగి రెండో వరుసలోకి జారింది. దాంతో కింది చరణం పక్క పేజీకి పోయింది. ఫోన్ చేసి అడిగితే, "మేం ఫాంటు మార్చలేదండీ, ఇక్కడ కూడా గారమాండే ఉంది" అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. నేను వాడిన గారమాండ్ వాళ్ల దగ్గర లేదు. దాని స్థానంలో తమ దగ్గరున్న గారమాండ్‌ను పెట్టారు. పేరు అదే, సైజు అదే, ఇక తేడా ఏముంటుందనుకున్నారు.

ఆ రెండు ఫాంట్లనూ తెరమీద పక్కపక్కన పెట్టి చూస్తే, అవి ఒకే మనిషి చెయ్యి కూడా కాదు. ఒకటి 1500ల నాటి పారిస్ పనివాడిది. రెండోది, అతను చనిపోయిన దాదాపు ఇరవై ఏళ్లకు పుట్టిన వేరే మనిషిది. ఆ రెండో మనిషి అక్షరాలే కోట్లాది కంప్యూటర్లలో మొదటి మనిషి పేరుతో కూర్చున్నాయి. మొదటి మనిషి అక్షరాలేమో కొన్ని చోట్ల ఇంకెవరెవరి పేర్లతోనో తిరుగుతున్నాయి. ఇలా ఎందుకయిందో విప్పి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఫాంటు ఎంచుకునేవాళ్లకు ఇది చరిత్ర మాత్రమే కాదు, రోజూ చేతికి తగిలే విషయం.

ఉక్కు మొన మీద అక్షరం

క్లోద్ గారమాండ్ పారిస్‌లో పంచ్‌లు చెక్కే పనివాడు. 1561లో చనిపోయాడు. ఆ రోజుల్లో అక్షరాన్ని రూపొందించడమంటే కాగితం మీద బొమ్మ గీయడం కాదు. చిన్న ఉక్కు కడ్డీ తీసుకుని, దాని మొన మీద అక్షరాన్ని తిరగేసి, అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. అది కూడా అచ్చులో ఎంత సైజులో కనబడాలో సరిగ్గా అంతే సైజులో. పుస్తకంలో వాడే చిన్న అక్షరమైతే మొన మీద రెండు మూడు మిల్లీమీటర్ల చోటు మాత్రమే ఉంటుంది. అక్షరం లోపలి ఖాళీని ఇంకో ఉక్కు ముక్కతో కొట్టి గుంటగా చేస్తారు. బయటి అంచులను ఆకురాయితో అరగదీస్తారు. ఎంతవరకూ వచ్చిందో చూడాలంటే మొనను దీపం మంట మీద పట్టి, పొగ మసి పట్టించి, కాగితం మీద నొక్కుతారు. మసి ముద్ర చూసి మళ్లీ ఆకురాయి అందుకుంటారు. ఎక్కువ అరిగిందా, ఆ పంచ్ పనికిరాదు, మొదటినుంచి చెక్కాల్సిందే.

పంచ్ తృప్తిగా వచ్చాక దాన్ని కాల్చి గట్టిపరిచి, రాగి దిమ్మలోకి కొడతారు. రాగిలో పడిన ఆ గుంటే మాతృక. మాతృకను మూసలో బిగించి, సీసం, తగరం, యాంటిమనీ కలిపిన లోహం కరిగించి పోస్తే అచ్చుకు పనికొచ్చే అక్షరం చేతికొస్తుంది. పెద్ద బడి (క్యాపిటల్) అక్షరాలు, చిన్న బడి అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, జంట అక్షరాలు అన్నీ కలిపితే ఒక్క సైజుకే వందకు పైగా పంచ్‌లు కావాలి. సైజు మారితే మళ్లీ అన్నీ కొత్తవే. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తర్వాత దీని అవసరం పడుతుంది.

గారమాండ్ శూన్యంలోంచి ఏమీ సృష్టించలేదు. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడి కోసం ఫ్రాన్చెస్కో గ్రిఫో చెక్కిన అక్షరాలు అతనికి ఆదర్శం. ఎట్నా పర్వతం మీద పియెత్రో బెంబో రాసిన చిన్న పుస్తకంలో, 1496 ప్రాంతంలో, ఆ అక్షరాలు మొదట అచ్చయ్యాయి. 1530లలో పారిస్ ముద్రాపకులు ఆ పద్ధతిని అందిపుచ్చుకున్నారు. వాళ్లలో రొబేర్ ఎస్తియెన్ ముఖ్యుడు. అంతవరకూ ఉత్తర ఐరోపాలో నిండుగా, నల్లగా, కోసులు తేలిన గోథిక్ అక్షరాలదే పెత్తనం. వాటి స్థానంలో వెలుగు చొరబడే రోమన్ అక్షరాలు ఫ్రాన్స్‌లో నిలదొక్కుకోవడంలో గారమాండ్‌ది పెద్ద చెయ్యి. 1540లో రాజు మొదటి ఫ్రాన్సువా కోసం గ్రీకు అక్షరాలు చెక్కే ఒప్పందం కూడా అతనికే దక్కింది. క్రీట్ ద్వీపం నుంచి వచ్చిన లేఖకుడు ఏంజెలో వెర్జిచియో చేతిరాతను చూసి వాటిని చెక్కాడు. ఆ ఉక్కు పంచ్‌లు నేటికీ ఫ్రాన్స్‌లో భద్రంగా ఉన్నాయి.

ఈ అక్షరంలో ఏముంది?

సెరిఫ్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. ఇంగ్లీషు అక్షరాల గీతలు ముగిసేచోట అటూ ఇటూ పొడుచుకొచ్చే చిన్న పాదాలు, కొసలు ఉంటాయే, అవి. తెలుగువాళ్లకు వెంటనే తలకట్టు గుర్తుకొస్తుంది. రెండిటికీ ఒక పెద్ద తేడా ఉంది. తలకట్టు తీసేస్తే మనకు అక్షరమే మారిపోతుంది, అకారం పోతుంది. సెరిఫ్ తీసేస్తే ఉచ్చారణ ఏమీ మారదు. అది పలికే గుర్తు కాదు. వరుసను ఒక గీటు మీద నిలబెట్టి, పక్క అక్షరంతో కలిపి, మాటను ఒక ముద్దగా కంటికి అందిస్తుంది.

గారమాండ్ అక్షరాల్లో ఈ సెరిఫ్ నిలువు గీత మీద అతికించినట్టు ఉండదు. గీతే మెల్లగా విచ్చుకుని పాదంగా మారినట్టుంటుంది. ఇక గీతల మందం చూడండి. చిన్న బడి 'ఓ'ను బాగా పెద్దది చేసి చూస్తే, లావుగా ఉన్న చోట్లు సరిగ్గా కుడి ఎడమల్లో ఉండవు. ఎడమవైపు కొంచెం కిందికి, కుడివైపు కొంచెం పైకి జరిగి ఉంటాయి. సన్నటి చోట్లను కలుపుతూ గీత గీస్తే అది ఎడమకు వాలుతుంది. వెడల్పు పాళీ ఉన్న కలాన్ని ఏటవాలుగా పట్టుకుని రాస్తే ఎక్కడ లావు, ఎక్కడ సన్నం వస్తుందో ఇదీ అంతే. ఉక్కు మీద చెక్కినా, చేతిరాత జాడ పోలేదు. లావుకూ సన్నానికీ మధ్య తేడా కూడా తక్కువే. అందుకే నిండు పేజీ నల్ల చారలుగా కాక, ఒకే వన్నె బూడిద రంగులా కనిపిస్తుంది. 1700ల చివర్లో ఇటలీలో బొడోనీ, ఫ్రాన్స్‌లో దిదో కుటుంబం చేసిన అక్షరాలు ఇందుకు పూర్తిగా ఎదురు. వాటిలో నిలువు గీతలు లావు, అడ్డగీతలు వెంట్రుక మందం. పత్రిక అట్టమీద అవి మెరుస్తాయి. మూడు వందల పేజీలు చదవమంటే మాత్రం నా కన్ను గారమాండ్ దగ్గరికే పోతుంది.

ఇంకో రెండు గుర్తులు. చిన్న బడి 'ఇ' (e)లో పైనున్న మూసిన గది చాలా చిన్నది. చిన్న బడి 'ఎ' (a)కు కింద ఉండే పొట్ట కూడా చిన్నదే. 'హెచ్', 'ఎల్' లాంటి వాటి నిలువు గీతలు బాగా పైకి సాగుతాయి, పెద్ద బడి అక్షరాల తలలను కూడా దాటిపోతాయి. 'పి', 'జి' లాంటి వాటి తోకలు బాగా దిగుతాయి. అంటే ఉన్న ఎత్తులో ఎక్కువ భాగం పైకీ కిందికీ పోయి, మధ్యలో 'ఎక్స్', 'ఓ' లాంటి అక్షరాలకు మిగిలే ఎత్తు తక్కువ. పని దగ్గర దీన్ని ఎక్స్ హైట్ అంటారు. గారమాండ్ అందమంతా ఈ పొడవు పొట్టిల నిష్పత్తిలోనే ఉంది. దాని మీద వచ్చే ఫిర్యాదులన్నీ కూడా అక్కడే పుట్టాయి.

ఆస్తి చెల్లాచెదురు

గారమాండ్ పోయాక అతని పంచ్‌లు, మాతృకలు అమ్ముడుపోయాయి. కొన్ని ఆంట్‌వర్ప్‌లో క్రిస్తోఫ్ ప్లాంటిన్ కొన్నాడు. ఆ ముద్రణాలయం ఇప్పుడు ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియం, ఆ సామగ్రి ఇప్పటికీ అక్కడే ఉంది. మరికొన్ని ఫ్రాంక్‌ఫర్ట్ చేరాయి. అక్కడ ఎగెనోల్ఫ్ ఫౌండ్రీని, అంటే అక్షరాలు పోతపోసే కార్ఖానాను, నడిపిన కొన్రాడ్ బెర్నర్ 1592లో ఒక నమూనా కాగితం అచ్చు వేశాడు. ఆ ఒక్క కాగితం లేకపోతే ఈ చిక్కు ఇప్పటికీ విడిపోయేది కాదేమో. ఎందుకంటే అందులో ఏ అక్షరాలు ఎవరు చెక్కారో పేర్లతో సహా ఉంది: నిటారు అక్షరాల్లో గారమాండ్ పేరు, ఏటవాలు అక్షరాల్లో రొబేర్ గ్రాంజోన్ పేరు. గ్రాంజోన్ అదే కాలపు ఫ్రెంచి పనివాడు, ఏటవాలు అక్షరాల్లో అందరికంటే ముందున్నవాడు. అందుకే నేటి గారమాండ్‌లు చాలావాటిలో ఏటవాలు రూపం నిజానికి గ్రాంజోన్‌ది. నిటారు అక్షరానికి జంటగా ఏటవాలు అక్షరాన్ని ఒకే చేత్తో, ఒకే కుటుంబంగా చెక్కడం ఆ కాలానికి అలవాటు లేదు. వేరువేరుగా చెక్కినవాటిని ముద్రాపకులే జత చేసుకునేవారు.

సెదాన్ ముద్రాపకుడు

ఇప్పుడు రెండో మనిషి. జాన్ జానోన్ 1580లో పుట్టాడు. ఫ్రాన్స్ సరిహద్దులోని సెదాన్‌లో స్థిరపడ్డ ప్రొటెస్టెంట్ ముద్రాపకుడు. 1621లో తను చెక్కిన అక్షరాల నమూనా పుస్తకం తనే అచ్చు వేసుకున్నాడు. గారమాండ్ పద్ధతినే పట్టుకున్నాడు గానీ చెయ్యి వేరు. అతని అక్షరాల్లో ఒక ఉద్వేగం ఉంటుంది. చిన్న బడి 'ఎం', 'ఎన్', 'పి', 'ఆర్' చూడండి: ఎడమవైపు పైన ఉండే సెరిఫ్, లోపలికి గరిటెతో తోడినట్టు వంపు తిరిగి, మొనదేలి ఉంటుంది. 'ఎ' పొట్ట ఇంకా చిన్నది, ముడుచుకున్నట్టుంటుంది. ఏటవాలు అక్షరాల్లో ఒక్కొక్కటి ఒక్కో కోణంలో వాలుతుంది, పెద్ద బడి అక్షరాల్లో ఇది మరీ కనిపిస్తుంది. గారమాండ్ పేజీ నిలకడైన నడక అయితే, జానోన్ పేజీ కొంచెం ఎగుడుదిగుడు బాటమీద చలాకీగా వెళ్లే నడక.

1640లో పారిస్‌లో రాజముద్రణాలయం మొదలైంది. 1641లో జానోన్ దగ్గర మూడు పెద్ద సైజుల మాతృకలు కొన్నారు. ఇప్పటి లెక్కలో సుమారు 18, 24, 36 పాయింట్లు. కొన్నాళ్లు వాడి, తర్వాత పక్కన పెట్టారు. కాలం మారింది, అక్షరాల మోజు మారింది. ఆ సామగ్రి బీరువాల్లో ఉండిపోయింది, ఎవరు చెక్కారన్న సంగతి మరుగునపడింది.

19వ శతాబ్దం చివరికి పాత పుస్తకాల అందం మీద ఐరోపాలో మళ్లీ మక్కువ పుట్టింది. జాతీయ ముద్రణాలయంగా పేరు మార్చుకున్న ఆ సంస్థ తన బీరువాల్లోని పాత అక్షరాలను బయటికి తీసి, ఇవి మన గారమాండ్ చెక్కినవే అని ప్రకటించింది. అక్షరాలు ఫ్రెంచివి, పాతవి, అందమైనవి. గారమాండ్‌కు రాజుతో సంబంధం ఉంది, ముద్రణాలయం రాజుది. ఇంతకుమించి ఆధారం అడిగినవాళ్లు లేకపోయారు. లేని సైజులను కొత్తగా చెక్కించి పుస్తకాలు అచ్చు వేశారు.

ఆ పుస్తకాలు చూసి ప్రపంచమంతా పోటీపడింది. అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థకు మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1910ల చివర్లో ఒక గారమాండ్ చేశాడు. అమెరికాలోని లాన్‌స్టన్ మోనోటైప్‌కు ఫ్రెడరిక్ గౌడీ చేసినదానికి 'గారమాంట్' అని పాత వర్ణక్రమంలో పేరు పెట్టారు. ఇంగ్లండ్‌లోని మోనోటైప్ 1922లో తనది తెచ్చింది. మూడూ జానోన్ అక్షరాల నకళ్లే. మూడిటి మీదా గారమాండ్ పేరే.

అనుమానం మొదట వ్యక్తం చేసింది అమెరికన్ టైప్ ఫౌండర్స్ గ్రంథాలయాధికారి హెన్రీ లూయిస్ బులెన్. 1500ల నాటి ఏ పుస్తకంలోనూ ఈ అక్షరాలు తనకు కనబడలేదని అతను తన సహాయకురాలితో అన్నాడు. ఆ సహాయకురాలి పేరు బియట్రిస్ వార్డ్. ఆమె ఆ మాటను మరిచిపోలేదు. ఇంగ్లండ్ వెళ్లాక పాత పుస్తకాలన్నీ తిరగేస్తూ వెతికింది. చివరికి పారిస్‌లోని మజారిన్ గ్రంథాలయంలో జానోన్ 1621 నమూనా పుస్తకం ఆమె ముందు తెరుచుకుంది. జాతీయ ముద్రణాలయం గారమాండ్‌వని చెప్పుకుంటున్న అక్షరాలు అక్కడ ఉన్నాయి, చెక్కినవాడి పేరుతో సహా.

1926లో 'ఫ్లూరన్' పత్రిక ఐదో సంచికలో ఆమె ఈ సంగతంతా రాసింది. పాల్ బోజోన్ అనే మగ పేరుతో రాసింది. అచ్చు రంగం అప్పట్లో పూర్తిగా మగవాళ్లది. వ్యాసం చదివి మెచ్చుకున్న మోనోటైప్ సంస్థ తన పత్రికకు సంపాదకుడిగా రమ్మని పాల్ బోజోన్‌ను పిలిచింది. వచ్చినది ఒక యువతి అని తెలిసి వాళ్లు ఆశ్చర్యపోయారు. అయినా ఉద్యోగం ఇచ్చారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు మోనోటైప్ ప్రచార బాధ్యత ఆమెదే. ఈ కథలో నాకు అందరికంటే ఎక్కువ గౌరవం ఆమె మీదే. అక్షరం ఆకారం ఒక్కటే సాక్ష్యంగా పెట్టుకుని, మూడు వందల ఏళ్ల వెనకటి మనిషికి అతని పేరు అతనికి తిరిగి ఇప్పించింది.

కాగితం మీద ఇప్పించింది. ఫాంట్ల మెనూలో మాత్రం మారలేదు. మోనోటైప్ గారమాండ్ అప్పటికే పేరు తెచ్చుకుంది, ఇక మార్చలేదు. అదే తర్వాత డిజిటల్ అయింది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో వచ్చే 'గారమాండ్' అదే. వర్డ్‌లో గారమాండ్ ఎంచుకున్న ప్రతిసారీ మీరు ఎంచుకుంటున్నది జానోన్‌ను.

ఏ గారమాండ్ ఎవరిది?

అసలు గారమాండ్ అక్షరాలకు వేరే పేర్లు వచ్చాయని ముందే అన్నాను. అవేమిటో చూద్దాం. 1920లలో లైనోటైప్ సంస్థకు జార్జ్ జోన్స్ చేసిన అక్షరాల్లో నిటారు రూపం గారమాండ్‌దే. అప్పటికే ఆ పేరుతో చాలా ఫాంట్లు ఉండడంతో దానికి 'గ్రాంజోన్' అని పేరు పెట్టారు. 1960లలో యాన్ చికోల్డ్ చేసిన 'సాబోన్' కూడా ఇంతే. దానికి ఫ్రాంక్‌ఫర్ట్ ఫౌండ్రీలో పనిచేసిన జాక్ సాబోన్ పేరు పెట్టారు, ఆకారం గారమాండ్‌ది.

సాబోన్ వెనక ఒక కఠినమైన షరతు ఉంది. జర్మన్ ముద్రాపకులకు చేత్తో పేర్చే అక్షరాలు, లైనోటైప్ యంత్రం (వరుసంతా ఒకే ముక్కగా పోసేది), మోనోటైప్ యంత్రం (అక్షరాలను విడివిడిగా పోసేది), మూడిటి మీదా అచ్చుగుద్దినట్టు ఒకేలా వచ్చే ఫాంటు కావాలి. లైనోటైప్‌లో నిటారు అక్షరమూ దాని ఏటవాలు రూపమూ ఒకే మాతృక మీద ఉంటాయి కాబట్టి రెండిటి వెడల్పూ సమానంగా ఉండాలి. సహజంగా ఏటవాలు అక్షరం సన్నగా ఉంటుంది. దాన్ని సాగదీసినట్టు కనబడకుండా సాగదీయాలి. పైగా ఆ యంత్రంలో ఒక అక్షరం పక్క అక్షరం మీదికి వంగకూడదు, కాబట్టి 'ఎఫ్' పైనుండే కొక్కెం కుదించుకోవాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య అంత ప్రశాంతమైన అక్షరం రావడం నాకు ఇప్పటికీ వింతే.

ఆ 'ఎఫ్' గురించి ఒక మాట. గారమాండ్ మూలంలో దాని కొక్కెం కుడివైపుకు బాగా వంగి ఉంటుంది. పక్కన 'ఐ' వస్తే కొక్కెం కొస పోయి దాని చుక్కను గుద్దుకుంటుంది. లోహపు అక్షరమైతే ఆ కొస విరిగే ప్రమాదం కూడా ఉంది. అందుకే రెండిటినీ కలిపి ఒకే పంచ్‌గా, చుక్క లేకుండా చెక్కేవారు. మంచి గారమాండ్ ఫాంట్లలో ఈ జంట అక్షరాలు నేటికీ ఉంటాయి, చాలా సాఫ్ట్‌వేర్లలో వాటంతట అవే పడతాయి. పడకపోతే సెట్టింగ్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోండి. పేజీ ఒక్కసారిగా శుభ్రపడుతుంది.

గారమాండ్ పేరూ ఆకారమూ రెండూ గారమాండ్‌వే అయినవి ఇప్పుడు ముఖ్యంగా మూడు చెప్పుకోవచ్చు. 1920ల నాటి స్టెంపెల్ గారమాండ్. 1989లో రాబర్ట్ స్లింబాక్ చేసిన అడోబీ గారమాండ్; అమెరికాలో అచ్చయిన హారీ పాటర్ పుస్తకాలు ఇందులోనివే. 2011లో గేఓర్గ్ డుఫ్నర్ మొదలుపెట్టిన ఈబీ గారమాండ్. 'ఈబీ' అంటే ఎగెనోల్ఫ్-బెర్నర్, ఆ 1592 కాగితమే దానికి మూలం. ఇది పూర్తిగా ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. డబ్బు పెట్టలేని చిన్న ప్రచురణకర్తలకు నేను చెప్పే మొదటి పేరు ఇదే.

ఇవేవీ కానిది ఇంకొకటి ఉంది. 1970లలో టోనీ స్టాన్ చేసిన ఐటీసీ గారమాండ్. అది ప్రకటనల కాలపు బిడ్డ. ఎక్స్ హైట్ బాగా పెంచేశారు, పైకీ కిందికీ సాగే గీతలు కుదించేశారు. దాని సన్నని రూపాన్ని యాపిల్ సంస్థ 1984 నుంచి 2000ల మొదటివరకూ తన ప్రకటనల్లో, పెట్టెల మీద వాడింది. కంప్యూటర్ అంటే బెదిరే రోజుల్లో ఆ మెత్తని అక్షరం ఆ సంస్థకు ఒక మంచి మాటతీరు తెచ్చిపెట్టింది. పెద్ద అక్షరాల్లో, నాలుగు మాటల నినాదానికి అది బాగా నప్పింది. పుస్తకం కట్టడానికి మాత్రం వద్దు. గారమాండ్‌ను గారమాండ్‌గా నిలిపే నిష్పత్తే అందులో లేదు.

సైజు తెచ్చే తంటా

సైజు మారితే పంచ్‌లన్నీ కొత్తగా చెక్కాలని మొదట్లో చెప్పాను. అలా చెక్కేటప్పుడు పనివాడు చిన్న సైజుకు గీతలు కాస్త లావు చేసేవాడు, అక్షరాల మధ్య ఎడం పెంచేవాడు, లోపలి ఖాళీలు తెరిచేవాడు. పెద్ద సైజుకు గీతలు సన్నబరిచేవాడు. డిజిటల్ ఫాంటులో సాధారణంగా ఒకే బొమ్మ ఉంటుంది. 8 పాయింట్లకూ 80 పాయింట్లకూ అదే బొమ్మ కుదించడం, పెంచడం. రాజముద్రణాలయం కొన్న జానోన్ అక్షరాలన్నీ పెద్ద సైజులవన్నది గుర్తుందా? వాటి వారసత్వం వల్లే కాబోలు, ఆఫీస్‌తో వచ్చే గారమాండ్ 11 పాయింట్లలో పీలగా, సన్నగా తేలిపోయినట్టుంటుంది. శీర్షికకు పెట్టి చూస్తే అదే అక్షరం కళకళలాడుతుంది.

పీలదనానికి ఇంకో కారణం సిరా. పాతకాలంలో చేత్తో చేసిన కాగితాన్ని తడిపి, సిరా పూసిన లోహపు అక్షరాన్ని గట్టిగా నొక్కేవారు. సిరా అంచులు దాటి కొద్దిగా వ్యాపించేది. కాబట్టి పుస్తకంలో మనం చూసే గీత లోహం మీది గీతకంటే లావు. ఈనాడు ఫాంటు చేసేవాడు ఈ రెంటిలో దేన్ని అనుసరించాలి? ఉక్కు పంచ్‌నా, కాగితం మీది ముద్రనా? పంచ్‌ను అనుసరిస్తే లేజర్ ప్రింటర్‌లో అక్షరం బక్కచిక్కుతుంది. ముద్రను అనుసరిస్తే సిరా చిమ్మడం కూడా ఆకారంలో భాగమైపోతుంది. ఒక్కో రూపకర్త ఒక్కో చోట గీత గీశాడు. ఒకే మూలం నుంచి వచ్చిన గారమాండ్‌లు కూడా ఒకదానికొకటి పోలకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. స్లింబాక్ 2005లో తెచ్చిన గారమాండ్ ప్రీమియర్‌లో సైజును బట్టి వేరువేరు బొమ్మలున్నాయి. నాకు తెలిసి పాత పద్ధతికి ఇది దగ్గరి దారి.

ఇక అందరికీ తెలిసిన సిరా పొదుపు వార్త. 2014లో పిట్స్‌బర్గ్‌కు చెందిన ఒక బడి విద్యార్థి, ప్రభుత్వ పత్రాలన్నీ గారమాండ్‌లోకి మారిస్తే అమెరికాకు కోట్లాది డాలర్ల సిరా ఆదా అవుతుందని లెక్కగట్టాడు. ప్రపంచమంతా ఆ వార్త తిరిగింది. కుర్రవాడి శ్రద్ధ మెచ్చుకోదగ్గదే. చిక్కంతా పాయింట్ అనే కొలతలో ఉంది. 12 పాయింట్లంటే అక్షరం ఎత్తు కాదు. లోహపు రోజుల్లో అది అక్షరం నిలిచిన దిమ్మ ఎత్తు. ఆ దిమ్మలో అక్షరం ఎంత చోటు తీసుకుంటుందన్నది రూపకర్త ఇష్టం. గారమాండ్‌లో పైగీతలకూ తోకలకూ ఎక్కువ చోటు పోతుంది కాబట్టి మధ్య అక్షరాలు చిన్నవవుతాయి. టైమ్స్ న్యూ రోమన్ 1932లో లండన్ 'టైమ్స్' దినపత్రిక ఇరుకు కాలమ్‌ల కోసం పుట్టింది. అందులో మధ్య అక్షరాలు పెద్దవి. కాబట్టి 12 పాయింట్ల గారమాండ్‌లో సిరా తక్కువ పట్టడానికి పెద్ద కారణం అక్షరం చిన్నదిగా ఉండడమే. కంటికి సమానంగా కనబడేలా గారమాండ్ సైజు పెంచితే ఆ ఆదాలో చాలా భాగం కరిగిపోతుంది.

ఇదే సంగతి న్యాయస్థానం దాకా వెళ్లింది. 2021లో వాషింగ్టన్‌లోని డీసీ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు న్యాయవాదులకు ఒక ప్రకటన ఇచ్చింది. సెంచురీ, టైమ్స్ న్యూ రోమన్ లాంటివి చదవడానికి అనువుగా ఉన్నాయని, గారమాండ్ చిన్నదిగా కనబడి చదవడం కష్టమవుతోందని, దాన్ని వాడొద్దని సూచించింది. గారమాండ్ అభిమానులు నొచ్చుకున్నారు. నాకు మాత్రం న్యాయమూర్తుల బాధ అర్థమైంది. రోజూ వందల పేజీలు, అందులో చాలావరకు తెరమీద చదివేవాళ్లు వాళ్లు. తెరమీద సన్నని గీత తేలిపోతుంది, 'ఇ'లోని చిన్న గది పూడుకుపోతుంది. కాగితం మీద ఈ అక్షరానికి ఉన్న గుణాలే అక్కడ దానికి అడ్డొస్తాయి.

కాబట్టి నేను పని దగ్గర పాటించే లెక్క ఇలా ఉంటుంది. నవల, కవిత్వం, వ్యాసాలు, చేతిలో పట్టుకుని తీరుబడిగా చదివే ఏ పుస్తకానికైనా గారమాండ్ పెడతాను. టైమ్స్ న్యూ రోమన్‌లో 11 పెట్టేచోట దీనికి 12, ఒక్కోసారి ఇంకా అర పాయింట్ ఎక్కువ. వరుసల మధ్య ఎడం విషయంలో ఇది ఉదారమైన అక్షరం. పైగీతలూ తోకలూ పొడవు కాబట్టి వరుసల మధ్య గాలి ముందే ఉంటుంది, మరీ పెంచనక్కరలేదు. అంకెలు కూడా చిన్న బడి అక్షరాల్లాగే కొన్ని పైకి లేచి, కొన్ని కిందికి దిగేవి వాడతాను. వాక్యం మధ్యలో తేదీ వచ్చినప్పుడు అది మాటల్లో కలిసిపోతుంది. పట్టికలకు, దరఖాస్తులకు, కింద సన్నగా వేసే షరతులకు గారమాండ్ జోలికి పోను. ఫోన్‌లో చదివేదైతే అసలే పోను.

మొదట్లో చెప్పిన కవితల పుస్తకం సంగతి: ఫాంటును పీడీఎఫ్‌లోనే పొదిగి మళ్లీ పంపాను, పాదాలు వాటి చోట్లలోకి వచ్చాయి. ఆ తర్వాత ఇంకో పుస్తకానికి కావాలనే మోనోటైప్ గారమాండ్ పెట్టాను. అవి ప్రయాణపు ఉత్తరాలు, ఎగుడుదిగుడు నడక ఉన్న రాత. ఆ చలాకీ ఏటవాలు అక్షరాలు దానికి సరిగ్గా కుదిరాయి. చివరి పేజీలో ముద్రణ వివరాల కింద ఒక వరుస అదనంగా వేస్తానని అడిగాను, ప్రచురణకర్త ఒప్పుకున్నారు. "అక్షరాలు: మోనోటైప్ గారమాండ్. చెక్కినది జాన్ జానోన్, సెదాన్."